అనంతపురం నుంచి మైనస్ 196 డిగ్రీలకు: చనిపోయాక దేహాన్ని భద్రపరిపించుకునే ఏర్పాటు

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా పోయిన వీలునామాలన్నీ దాదాపు ఒకటే తీరు: పొలం కొడుక్కి, ఇల్లు భార్యకి, బంగారం కూతురికి. రెండేళ్ళ కిందట ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ వచ్చి కూర్చున్నాడు.

"నన్ను కాల్చగూడదు, పూడ్చగూడదు. అట్ల రాయప్పా" అన్నాడు.

"మరేం జేయాల సార్?"

"అమెరికాకు పంపాల. ఆడ నైట్రోజన్‌లో పెడతారు."

ఆయనకు మతి చలించిందేమో అనుకున్నాను. తర్వాత ఆయనతో కలిసి ఈ పని మీద తిరగడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన లెక్కలన్నీ కట్టుకునే వచ్చాడని. లెక్కలో లేనిది ఒకటే, ఇంట్లోవాళ్ళు. ఈ పని చేయించుకోవాలని మీకూ ఉంటే, మేం ఎక్కడెక్కడ తట్టుకుని పడ్డామో తెలిస్తే ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందు, ఇదేమిటో తెలుసుకోండి

దీన్ని క్రయోనిక్స్ అంటారు. డాక్టరు మరణాన్ని ధ్రువీకరించిన తర్వాత దేహాన్ని వెంటనే చల్లబరుస్తారు. రక్తం తీసేసి దాని బదులు మంచు పలుకులు కట్టనివ్వని ద్రావణం ఎక్కిస్తారు. తర్వాత మెల్లగా మైనస్ 196 డిగ్రీలకు దించి, ద్రవ నైట్రోజన్ నింపిన పెద్ద స్టీలు పాత్రలో తల కిందికి ఉండేలా నిలబెడతారు. ఎప్పుడైనా నైట్రోజన్ తగ్గినా చివరికి బయటపడేది కాళ్ళు, తల కాదు. ఎప్పటికో వైద్యం అంత ఎదిగితే లేపుతారని ఆశ.

మన పల్లెల్లో ఇది చూడనివాళ్ళు లేరు. ఎద్దు వీర్యం గొట్టాలు పెట్టుకుని గోపాలమిత్ర మోటారు సైకిల్ మీద తెచ్చే క్యాను ఉంటుంది చూడండి, మూత తీస్తే తెల్లగా పొగ వస్తుంది, అందులో ఉండేది ఇదే ద్రవ నైట్రోజన్. ఏళ్ళ తరబడి ఉంచిన గొట్టంతో కూడా ఆవు చూడి కడుతుంది. ఇంకో మాట, ఆ క్యానుకు కరెంటు అక్కర్లేదు. అమెరికాలోని పెద్ద పాత్రలకూ అక్కర్లేదు, ఆవిరైపోయిన నైట్రోజన్‌ను అప్పుడప్పుడూ నింపుతుంటారు, అంతే. కరెంటు పోతే ఏం గతి అని అడిగిన ప్రతి ఒక్కరికీ లెక్చరర్ ఈ క్యాను కథే చెప్పేవాడు.

అయితే వీర్యకణం వేరు, మనిషి వేరు. ఇప్పటిదాకా ఒక్క మనిషినీ తిరిగి లేపలేదు. ఎలా లేపాలో కూడా ఎవరికీ తెలియదు. మొదట భద్రపరిచింది జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుణ్ణి, 1967 జనవరి 12న. ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. ప్రయోగశాలలో జరిగినవాటిలో చెప్పుకోదగ్గది 2023 నాటిది: అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుక కిడ్నీలను 100 రోజుల దాకా ఇలా నిల్వ ఉంచి, వెచ్చబరిచి, వేరే ఎలుకలకు అమర్చితే అవి పనిచేశాయి. ఎలుక కిడ్నీ ఎంత, మనిషి మెదడు ఎంత! నన్నడిగితే ఇది లాటరీ టికెట్ లాంటిది. కానీ డబ్బు ఆయనది, దేహం ఆయనది. నా పని కాగితం సరిగ్గా రాయడం.

మొదటి అడుగు: ఇంట్లో చెప్పడం

అందరూ దీన్ని చివరికి పెట్టుకుంటారు. మేమూ అదే తప్పు చేశాం. సంస్థతో ఉత్తరాలు నడిచాయి, డబ్బు లెక్క తేలింది, వీలునామా చిత్తు రాశాను. అప్పుడు ఆయన భార్యకు తెలిసింది, అదీ కొరియర్‌లో వచ్చిన కవరు విప్పితే. వారం రోజులు మాటల్లేవు.

ఒక్క సంగతి ఆలోచించండి. మీరు పోయిన గంటలో నిర్ణయాలు తీసుకునేది మీరు కాదు. ఇంటినిండా ఏడుపులు. బావమరిది కట్టెలకు ఫోన్ చేస్తుంటాడు, పక్కింటాయన అయ్యవారిని పిలవడానికి పోతాడు, ఎవరో ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తారు. సాయంత్రంలోగా కార్యం ముగించాలని పెద్దలు తొందర పెడతారు. ఆ గోలలో "ఆగండి, ఐస్ తెప్పించండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనగలిగే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఎవరో బతికుండగానే తేల్చుకోండి. కొడుకే కానవసరం లేదు. లెక్చరర్ విషయంలో పెద్దకొడుకు కెనడాలో ఉన్నాడు, ఫ్లైటు దిగేసరికి రెండు రోజులు. చివరికి ఆ బాధ్యత ఒప్పుకున్నది ఆయన తమ్ముడి కూతురు, నర్సుగా పనిచేస్తోంది. ఏడుస్తూనే పని చేయగల పిల్ల.

ఇంట్లో ఇద్దరు రెండు వైపులా లాగితే ఏమవుతుందో ఇంగ్లండు కేసొకటి చెబుతుంది. 2016లో క్యాన్సర్‌తో చనిపోబోతున్న 14 ఏళ్ళ అమ్మాయి తన దేహాన్ని ఇలా భద్రపరచమని కోరింది. తల్లి సరేనంది, తండ్రి ఒప్పుకోలేదు. హైకోర్టు దాకా పోయింది. క్రయోనిక్స్ మంచిదా చెడ్డదా అని జడ్జి చెప్పలేదు. దేహాన్ని ఏం చేయాలో నిర్ణయించే హక్కు తల్లిదేనని మాత్రం తేల్చాడు. మన దగ్గర అలాంటి తగవు వస్తే కోర్టు తలుపు తెరిచేలోపు చితి ఆరిపోతుంది.

కర్మల సంగతి తప్పకుండా వస్తుంది. "దహనం లేకుంటే దినాలెట్ల జేసేది?" అని లెక్చరర్ భార్య అడిగింది. దేహం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉందని పురోహితుడు చెప్పాడు. వరదల్లో కొట్టుకుపోయినవాళ్ళకు చేసేది అదే. ఆ మాటతో ఆమె సగం కుదుటపడింది. మిగతా సగం ఆమే సర్దుకుంది: "మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలో కూచోలేదా, కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారు సమాధిలోకి పోలేదా, అట్లనుకుంటా" అంది. లెక్చరర్ ఆ పోలిక నచ్చక ముఖం చిట్లించాడు. నేను మాత్రం నోరెత్తొద్దని సైగ చేశాను. వందల ఏళ్ళుగా సజీవ సమాధులకు దండం పెడుతున్న సీమలో ఈ సంగతి చెప్పడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ముస్లిం కుటుంబాల్లో ఇది ఇంకా కష్టం. ఖననం వీలైనంత త్వరగా కావాలన్నది వాళ్ళకు గట్టి నియమం. ఇంటిపెద్దలతో చాలా ముందుగా మాట్లాడుకోవాలి.

రెండో అడుగు: సంస్థను ఎంచుకోవడం

మన దేశంలో ఇలా నిల్వచేసే కేంద్రం లేదు. బయట ముఖ్యమైనవి ఇవి.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లో ఆల్కోర్ ఉంది, 1972లో మొదలైంది. మొత్తం దేహానికి రెండు లక్షల డాలర్ల పైన తీసుకుంటుంది. తల మాత్రమే భద్రపరిచే పద్ధతీ ఉంది, అది చవక. విదేశీయులకు అదనంగా వేస్తారు. మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను 1976లో రాబర్ట్ ఎట్టింగర్ స్థాపించాడు, ఈ ఆలోచనను జనంలోకి తెచ్చిన మనిషి ఆయనే. 2011లో చనిపోయాక ఆయన్నూ అక్కడే పెట్టారు. జీవిత సభ్యుడికి 28,000 డాలర్లు. చవకగా ఉంది కదా అని సంబరపడకండి. మనిషి పోయిన చోటి నుంచి అక్కడిదాకా చేర్చే ఖర్చు, ఏర్పాటు అందులో లేవు. యూరప్‌లో బెర్లిన్ నుంచి నడిచే టుమారో బయో ఉంది, నిల్వ స్విట్జర్లాండులో. ఆస్ట్రేలియాలో హోల్‌బ్రూక్ అనే ఊళ్ళో ఒక కేంద్రం 2024లో మొదటి దేహాన్ని తీసుకుంది.

ఆల్కోర్‌లోనూ క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కలిపి నాలుగు వందల మందికి పైగా ఉన్నారు.

సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న శాస్త్రం గురించి కాదు, డబ్బు గురించి. నిల్వ ఖర్చుకు పెట్టిన నిధి ఎవరి చేతిలో ఉంది? రోజువారీ ఖర్చులకు దాన్ని ముట్టుకోవచ్చా? ఎందుకంటే కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ శ్మశానంలో దాచిన తొమ్మిది దేహాలు డబ్బుల్లేక కరిగిపోయాయని 1979లో బయటపడింది. ఆల్కోర్ 1997లో ఈ నిధికి వేరే ట్రస్టు పెట్టింది. ఫారాలు నింపడం మాత్రం చిన్న పని, మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఒక సాయంత్రంలో చేసిపెడతారు.

మూడో అడుగు: డబ్బు

అమెరికాలో చాలామంది లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకుని, ఆ సొమ్ము సంస్థకు చేరేలా రాస్తారు. మన పాలసీలో విదేశీ సంస్థను పెట్టడం అంత సులువుగా సాగదు, విదేశీ మారకపు నిబంధనలు అడ్డొస్తాయి. ఇన్సూరెన్స్ ఏజెంటు "ఏం పర్లేదు సార్" అంటే నమ్మకండి, ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

సూటి దారి, బతికుండగానే పంపడం. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు. ఈ పరిమితి బతికున్న మనిషిది. పోయినాయన పేరు మీద పంపడం కుదరదు. ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. డాలరు 85 రూపాయలనుకుంటే 28,000 డాలర్లు 23 లక్షల 80 వేలు. అందులో 13 లక్షల 80 వేల మీద టీసీఎస్ 2 లక్షల 76 వేలు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ ఆ రోజుకు చేతిలో ఉండాలి. రెండు ఆర్థిక సంవత్సరాలకు విడగొట్టి పంపితే భారం తగ్గుతుంది.

రవాణాకు వేరే డబ్బు, ఇక్కడే ఖర్చు పెట్టగలిగేలా, ఆ బాధ్యత తీసుకున్న మనిషితో జాయింటు ఖాతాలో ఉంచండి. మీ ఒక్కరి పేరున ఉంటే ఆ రోజు రూపాయి బయటికి రాదు.

నాలుగో అడుగు: కాగితాలు

ఇది నా వృత్తి కాబట్టి కాస్త విడమరుస్తాను.

వీలునామా అవసరమే, కానీ దాని మీదే ఆధారపడితే మునిగిపోతారు. వీలునామాను జనం ఎప్పుడు తీస్తారు? దినాలు అయ్యాక, బీరువా తాళం దొరికాక. అప్పటికి అస్థికలు కూడా కలిపేసి ఉంటారు. పైగా మన చట్టంలో మృతదేహం ఆస్తి కాదు. పొలం రాసిచ్చినట్టు దేహాన్ని రాసిచ్చే వీల్లేదు. మీ కోరికను ఇంటివాళ్ళు గౌరవిస్తేనే అది జరుగుతుంది.

అందుకని మేం మూడు కాగితాలు చేశాం. మొదటిది వీలునామా, 1925 వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలతో. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాను. అందులో డబ్బు సంగతి మాత్రమే ఉంది: ఈ పనికి పెట్టిన సొమ్మును వారసులు పంచుకోకూడదని.

రెండోది ఇంటివాళ్ళ అఫిడవిట్. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, ఒక్కొక్కరు వేరువేరుగా నోటరీ ముందు సంతకం చేశారు. నాన్న కోరిక మాకు తెలుసు, అడ్డు చెప్పం, ఫలానా అమ్మాయి చెప్పినట్టు నడుచుకుంటాం అని. కోర్టులో దీని బలం ఎంతైనా కానీ, ఇంట్లో బలం చాలా ఉంది. సంతకం పెట్టినవాడు ఆ రోజు గొంతు పెంచడు.

మూడోది లివింగ్ విల్. గౌరవంగా చనిపోయే హక్కును గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షులుంటే నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. కోలుకునే ఆశ లేనప్పుడు నెలల తరబడి వెంటిలేటర్ మీద ఉంచొద్దని ఇందులో రాసుకోవచ్చు. అలా ఉంచితే కాపాడుకోవాలనుకున్న మెదడే ముందు పాడవుతుంది. చావును తొందర పెట్టమని మాత్రం ఎక్కడా రాయకండి. అది నేరం, చేసినవాళ్ళు జైలుకు పోతారు.

మీ చేతిలో లేనిది ఒకటుంది, పోస్టుమార్టం. రోడ్డు ప్రమాదం, పాము కాటు, అనుమానాస్పద మరణం, ఏదైనా సరే పోలీసు కేసైతే శవపరీక్ష తప్పదు. పుర్రె తెరుస్తారు. ఏ అఫిడవిటూ ఆపలేదు. ఇది విన్న మర్నాటి నుంచి లెక్చరర్ హెల్మెట్ లేకుండా స్కూటరు తీయడం మానేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో కచ్చితంగా ఆయుష్షు పెంచిన పని అదొక్కటేనేమో.

ఐదో అడుగు: ఆ మొదటి గంటలు

మామూలు వేడిలో రక్తం ఆగిన నాలుగైదు నిమిషాల నుంచే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఒంటి వేడి పది డిగ్రీలు తగ్గితే ఆ వేగం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే అమెరికాలో సంస్థ మనుషులు మంచం పక్కనే కాచుకుని ఉంటారు. మన దగ్గర అలాంటి బృందం లేదు. మే నెలలో అనంతపురంలో, కర్నూలులో బయట 42 డిగ్రీలు.

డాక్టరు వెంటనే ధ్రువీకరించాలి. ఇంట్లో పోయేటట్టుంటే దగ్గరలోని డాక్టరుతో ముందే మాట్లాడి, రాత్రి రెండింటికైనా వస్తారా అని అడిగి పెట్టుకోండి. మరణ కారణం రాసే ఫారం ఆసుపత్రిలో అయితే 4, ఇంట్లో అయితే 4ఏ. ఖాళీ ఫారం తెచ్చిపెట్టుకోండి. కారణం స్పష్టంగా రాయకపోతే తర్వాత విమానాశ్రయంలో ఆగిపోతారు.

ఆ వెంటనే ఐస్. అద్దెకొచ్చే ఫ్రీజర్ బాక్స్ చాలదు, అందులో తగిలేది చల్లటి గాలి మాత్రమే. గాలి కన్నా ఐసు నీళ్ళు వేడిని చాలా వేగంగా లాగేస్తాయి. పెద్ద ప్లాస్టిక్ టబ్బు, ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు పగలగొట్టిన ముక్కలు, నీళ్ళు. తలకూ మెడకూ మొదట. అయితే సున్నా కన్నా కిందికి పోనివ్వకండి. మాంసం దాచే డీప్ ఫ్రీజర్లో పెడితే మేలు చేశామనుకుంటారు గానీ, ద్రావణం ఎక్కించకముందే గడ్డకడితే మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. నీళ్ళ సీసా ఫ్రీజర్లో పగలడం మీరు చూసే ఉంటారు.

ఐసు మీదే అమెరికా దాకా చేర్చడం మొదటి దారి. ఆలస్యం తప్పదనిపిస్తే, సంస్థ చెప్పాకే, మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్‌లో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పెట్టి పంపడం రెండో దారి. అందులో నష్టం చాలా ఎక్కువ. డ్రై ఐస్ హైదరాబాదు, బెంగళూరుల్లో దొరుకుతుంది, మన ఊళ్ళో వెతుక్కోవాలి.

దూరం చూసుకోండి. ఓర్వకల్లులో, కడపలో విమానాశ్రయాలున్నా అక్కణ్ణించి విదేశీ విమానాలు లేవు. అనంతపురం వాళ్ళకు 44వ నంబరు హైవే మీద బెంగళూరు విమానాశ్రయం రెండు వందల కిలోమీటర్ల లోపే. కర్నూలు వాళ్ళకు అదే హైవే మీద శంషాబాదు సుమారు అంతే. కడప వాళ్ళకు చెన్నై, బెంగళూరు రెండూ దూరమే. క్యాన్సర్ లాగా ముందే తెలిసిన జబ్బయితే చివరి నెలల్లో బెంగళూరులో ఇల్లు తీసుకోవడం ఈ ఏర్పాట్లన్నిటికన్నా మేలు. వీసా, ఓపిక, డబ్బు ఉంటే అమెరికాలోనే సంస్థ దగ్గరికి చేరడం ఇంకా మేలు.

విమానానికి మరణ ధ్రువపత్రం, పోలీసు నిరభ్యంతర పత్రం, రద్దు చేయించిన పాస్‌పోర్టు, లీక్ కాని పెట్టె కావాలి. మామూలుగా ఎంబామింగ్ సర్టిఫికెట్, అంటే దేహం కుళ్ళకుండా మందు ఎక్కించినట్టు కాగితం, కూడా అడుగుతారు. ఇక్కడే చిక్కు. ఎంబామింగ్ ద్రావణం ఎక్కిస్తే క్రయోనిక్స్ ద్రావణం సరిగ్గా ఎక్కదు. కాబట్టి మృతదేహాలు విదేశాలకు పంపే ఏజెంటును ఇప్పుడే పట్టుకుని, ఎంబామింగ్ లేకుండా ఏ విమాన సంస్థ తీసుకుంటుందో, ఏ పెట్టెలో తీసుకుంటుందో రాయించుకోండి. మేం మాట్లాడిన మొదటి ఏజెంటు అన్నిటికీ సరేనన్నాడు. కాగితం మీద పెట్టమంటే ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండో ఆయన అరగంట ప్రశ్నలేశాడు. ఆయన్నే కుదుర్చుకున్నాం.

ఆరో అడుగు: కుదరకపోతే

ఇంత చేసినా పని జరగకపోవచ్చు. అప్పుడేం చేయాలో కూడా రాసిపెట్టండి, లేకపోతే ఇంటివాళ్ళు అపరాధ భావంతో నలుగుతారు. మా కాగితంలో ఇలా ఉంది: పోస్టుమార్టం జరిగితే మామూలుగా దహనం చేయండి. పోస్టుమార్టం లేకుండానే ప్రయాణం కుదరకపోతే దేహాన్ని అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల అనాటమీ విభాగానికి ఇవ్వండి. కర్నూలు వైద్య కళాశాల, కడప రిమ్స్ కూడా ఇలాగే తీసుకుంటాయి. శవపరీక్ష అయిన దేహాలను మాత్రం సాధారణంగా తీసుకోరు. నా మటుకు నేను వైద్య కళాశాల ఫారమే నింపాను. లెక్చరర్ నవ్వి, "నువ్వు వేరేవాళ్ళకు పనికొస్తావు, నేను నాకే పనికొస్తా" అన్నాడు.

ఏడాదికోసారి

ఫోన్ నంబర్లన్నీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవాలి: సంస్థ, డాక్టరు, ఏజెంటు, అంబులెన్స్, ఐస్ ఫ్యాక్టరీ. ఏడాదికోసారి ప్రతి నంబరుకూ నిజంగా ఫోన్ చేసి చూడాలి. లెక్చరర్ పుట్టినరోజున మేం ఆ పని చేస్తాం. ఈసారి పాతూరులోని ఐస్ ఫ్యాక్టరీ నంబరు మోగలేదు. పోయి చూస్తే గేటుకు తాళం, లోపల గోదాము కడుతున్నారు. గుత్తి రోడ్డు వైపు ఇంకొకటి ఉందట. ఆదివారం ఆయన్ను స్కూటరు మీద ఎక్కించుకుని పోవాలి, రెండు హెల్మెట్లతో.